అసలు రంగు

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని మా క్లాసు ప్రతినిధి వెంటబడినప్పుడు, నాకు కవిత్వం రాదు, రాజకీయం వద్దు, మోటారు సైకిలు గురించి అయితే రాస్తానన్నాను. ఆయన కొంచెంసేపు నా మొహంలోకి చూసి, "సరే గానీ, మరీ నట్లూ బోల్టులూ వద్దు" అన్నాడు. నట్లూ బోల్టులూ లేని మోటారు సైకిలు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. పాఠకులు కొంచెం ఓర్చుకోవాలి.

మాది నల్లమాడ. నేను పుట్టినప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా మారింది గానీ వాన మారలేదు. ఎర్రనేల, చెనిక్కాయ, ఎండిన బోర్లు, వాటి అప్పులు అని చెబితే మా ఊరు చెప్పినట్టే. మా ఇంటి వెనక గడ్డివామి పక్కన రేకుల కొట్టంలో పదకొండేళ్లుగా ఒక బుల్లెట్ నిలబడి ఉండేది. నిలబడి అని మర్యాదకు అంటున్నాను. వెనక చక్రం కింద రాయి, సీటు మీద కోళ్లగంప, హెడ్‌లైటు గూట్లో కందిరీగలు. మా తాత 2013లో పోయాడు. మరుసటి ఏడు నాయన టీవీఎస్ ఎక్సెల్ కొన్నాడు. అప్పటి నుంచి బుల్లెట్‌కు పెట్రోలు వాసన తెలియదు.

ఊళ్లో దాన్ని ఎవరూ బుల్లెట్ అనరు. "యుద్ధం బండి" అంటారు. తాత 1966లో సైన్యంలో చేరి, జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ పొంది, డి.ఆర్. అయ్యాడు. డి.ఆర్. అంటే డిస్పాచ్ రైడర్. వైర్‌లెస్‌లో చెప్పకూడని సంగతుల్ని, టెలిఫోను తీగ పోని చోటికి చేరాల్సిన కాగితాల్ని సంచిలో వేసుకొని మోటారు సైకిలు మీద చేర్చే సిపాయి అన్నమాట. 1971 డిసెంబరు యుద్ధంలో పంజాబు వైపు ఉన్నాడు. 1983లో పింఛనుతో ఊరికి వచ్చేశాడు. సైన్యం తీసేసిన బండ్లను మాజీ సైనికులకు కేటాయించే పద్ధతి ఒకటుంది. దాని కింద దరఖాస్తు పెట్టుకుంటే 1986లో ఈ బుల్లెట్ వచ్చింది. రైల్లో ధర్మవరం దాకా తెచ్చి, అక్కడి నుంచి బుక్కపట్నం మీదుగా నడుపుకుంటూ వచ్చాడట. నాయనకు అప్పుడు ఎనిమిదేళ్లు. తాత యుద్ధంలో నడిపిన బండినే సర్కారు మళ్లీ తాతకు ఇచ్చిందని నాయన చెప్పేవాడు. ఊరంతా చెప్పేది. ఏడో తరగతిలో ఆగస్టు పదిహేనుకు నేనూ అదే ఉపన్యాసంగా చెప్పి స్టీలు గ్లాసు బహుమతి కొట్టేశాను. ఆ గ్లాసు ఇప్పటికీ హాస్టల్లో నా దగ్గరే ఉంది.

మొన్న వేసవిలో, అంటే 2025 మే నెలలో, బెంగళూరులో పనిచేసే మా ఊరి అన్న ఒకాయన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. పాత మిలిటరీ బండ్లు సేకరించడం ఆయనకు సరదా. కోళ్లగంప దించి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చెయిను చక్రం మీద మట్టి గోటితో గీకి చూశాడు. ఉన్నది ఉన్నట్టుగా అయితే 90 వేలు. ఒరిజినల్ కండిషన్‌కు తెచ్చి, సైన్యం పచ్చరంగు వేసి, 1971 యుద్ధంలో తిరిగిన బండి అని ఒక కాగితం రాసిస్తే 2 లక్షల 40 వేలు. నాయన నావైపు చూశాడు. మూడు బోర్లు వేశాం మేము. మూడోది 720 అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ అప్పు ఎంతో రాయను గానీ, 2 లక్షల 40 వేలకు దగ్గర్లోనే ఉంది. "సెలవుల్లో నేనే చేస్తా నాయనా" అన్నాను.

బుల్లెట్ కథ చాలామందికి సగమే తెలుసు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడిచ్ పట్టణపు కంపెనీ. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చేది గనుక ఆ పేరు. "తుపాకీలాగా తయారైంది" అన్నది వాళ్ల ప్రచార వాక్యం. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్లు 800 కావాలని అడిగింది. ఆ ఆర్డరు పుణ్యమా అని 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వచ్చింది. మొదట విడిభాగాలు తెచ్చి బిగించారు, తర్వాత అన్నీ ఇక్కడే చేసుకున్నారు. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతబడింది. తల్లి పోయినా పిల్ల బతికింది, 1977 నుంచి ఆ ఇంగ్లండుకే మద్రాసు బుల్లెట్లు పోయాయి. తాత బండి తిరువొత్తియూరుదే.

ఇంజను దించి ట్రాక్టరు మీద కదిరికి తీసుకుపోయాను. అక్కడ ఒక ముసలి భాయ్ ఉన్నాడు, వాళ్ల నాయన కాలం నుంచి బుల్లెట్ పనే. ఒరిజినల్ చెయ్యాలని చెప్పగానే నవ్వాడు. "ఏ పొద్దుటి ఒరిజినలప్పా? కంపెనీలో పుట్టిన పొద్దుదా, మిలిటరీ వదిలేసిన పొద్దుదా, మీ తాత తెచ్చిన పొద్దుదా?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన మాత్రం అప్పటికే హెడ్డు విప్పుతున్నాడు.

సిలిండరు బ్యారెలు సంచిలో వేసుకొని మన ఫిజిక్సు ల్యాబుకు తెచ్చాను. సెలవుల్లో ల్యాబు తెరిపించి, వెర్నియర్ ఇచ్చి, నేను కొలుస్తుంటే పక్కన నిలబడి చూసిన లెక్చరరుగారికి కృతజ్ఞతలు చెప్పడానికైనా ఈ వ్యాసం పనికొస్తుంది. కంపెనీ కొలత ప్రకారం బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. లెక్క కట్టుకోండి, 346 సీసీ వస్తుంది. మా బ్యారెలు 71.02 చూపించింది. అంటే అరిగిన బోరును 40 థౌ పెద్దది చేయించి పెద్ద పిస్టను వేశారు. అప్పుడు 356 సీసీ దాటుతుంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అన్నీ తగ్గాయి, ఈ ఇంజను మాత్రం 10 సీసీ పెరిగింది.

ట్యాంకు లోపల తుప్పు సంగతి వేరే. అవ్వ చింతపండు పులుసు పోయమంది. రాగి చెంబులు తోమినట్టు అనుకున్నాను గానీ, అందులోనూ ఆమ్లమే కదా, రెండు రోజులకు కొంత వదిలింది. మిగిలినదానికి బట్టల సోడా నీళ్లలో కలిపి నింపి, ట్రాక్టరు బ్యాటరీ ఛార్జరు నెగెటివు ట్యాంకుకూ, పాజిటివు లోపల వేలాడదీసిన ఇనుప చువ్వకూ తగిలించాను. చువ్వ ట్యాంకుకు తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ అసలే వాడకూడదు, విషపు క్రోమియం లవణాలు వస్తాయి. ఇంటర్‌లో పరీక్ష కోసం బట్టీపట్టిన విద్యుద్విశ్లేషణ మా పశువుల కొట్టంలో బుడగలు బుడగలుగా కనిపించింది. అది హైడ్రోజను, దగ్గర బీడీ వెలిగించొద్దని చెబితే మా చిన్నాయన పది అడుగులు వెనక్కి పోయి వెలిగించుకున్నాడు.

ఇక మావాళ్లు చేసిన మార్పులు. సైడు స్టాండు విరిగితే గుంటక పాస ముక్క అతికించారు. వెనక పెద్ద ఇనుప క్యారియరు, రెండు చెనిక్కాయ మూటలు పట్టేంతది, కమ్మరితో చేయించి ఛాసిస్‌కే వెల్డింగు పెట్టించారు. నేను కడుపులో ఉండగా నొప్పులొస్తే అమ్మను కదిరి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ క్యారియరు మీద బొంత పరిచే. కాబట్టి పుట్టకముందే ఆ బండెక్కినవాణ్ణి నేను. ఒరిజినల్‌లో క్యారియరు అట్లా ఉండదు గనుక రంపంతో కోశాను. కోస్తుంటే అమ్మ వాకిట్లోకి వచ్చి, ఏమీ అనకుండా కాసేపు చూసి, లోపలికి పోయింది.

ఆ తర్వాత రంగు. పాత బండి రంగు తీయడం తొందర పని కాదు. వాటర్ పేపర్ తడిపి, మెల్లగా రుద్దుతూ పోతే ఒక్కొక్క పొరా బయటపడుతుంది. పైన నలుపు, నాయన తన చేత్తో బ్రష్షుతో పూసింది, బ్రష్షు వెంట్రుకలు ఇంకా దాంట్లోనే ఉన్నాయి. దాని కింద ఎరుపు, అది నాయన పెళ్లికి వేయించింది. ఎరుపు కింద లప్పం, లప్పం కింద సొట్ట. దాని కింద నీలం, తాత రిజిస్ట్రేషనుకు ముందు వేయించింది. నీలం కింద ఒక ఉదయం పచ్చ కనబడింది. మన వేపాకు పచ్చ కాదు, ఎండకు వాడిన కంది ఆకు రంగు. నాకు చేతులు వణికాయంటే నమ్మండి.

వెనక మడ్‌గార్డు పలక మీద నంబరు ఉంటుందని భాయ్ ముందే చెప్పాడు. మిలిటరీ బండి నంబర్లో పైకి చూసే బాణం గుర్తు ఒకటుంటుంది, బండి సైన్యంలోకి వచ్చిన ఏడాది రెండంకెలుంటాయి. మా ఆర్.సి. పుస్తకాన్ని చెదలు తినేసి, 1986 రిజిస్ట్రేషన్ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ రెండంకెలే మాకు సాక్ష్యం. గంట రుద్దితే బాణం వచ్చింది. ఇంకో అరగంటకు 7. దాని పక్కన నిలువు గీత. 71! నేను అరిచిన అరుపుకు కోళ్లు లేచిపోయాయి. ఫోటో తీసి బెంగళూరాయనకు పంపాను. ఆయన వెంటనే నమస్కారం పెట్టిన రెండు చేతుల బొమ్మ పంపాడు.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. కానీ గీత పక్కన నీలం కొంచెం మిగిలి ఉంది, అసహ్యంగా కనబడుతోందని మరో నాలుగుసార్లు రుద్దాను. నిలువు గీతకు ఎడమవైపు ఒక ఏటవాలు గీత, కింద ఒక అడ్డగీత వచ్చాయి. 4.

74.

యుద్ధం ముగిసింది 1971 డిసెంబరు 16న. ఈ బండి సైన్యంలోకి వచ్చింది 1974లో. దీని మీద తాత యుద్ధానికి పోయి ఉండడు. ఇందులో వెర్నియరు పెట్టి కొలవాల్సిందేమీ లేదు.

ఆ మధ్యాహ్నమంతా కొట్టంలోనే కూర్చున్నాను. నా చేతిలో వాటర్ పేపర్ ఉంది, కావాలంటే ఆ ఏటవాలు గీతను కూడా అరగదీయవచ్చు. అప్పు తీరుతుంది, నాయనకు నాయన మిగులుతాడు, నాకు నా స్టీలు గ్లాసు. ఈ ఆలోచన రాలేదని ఇక్కడ రాసుకుంటే అది కూడా ఇంకో పొర రంగే అవుతుంది. వచ్చింది. రెండుసార్లు వచ్చింది.

రాత్రి నాయన తిన్నాక చెప్పాను. టార్చి తీసుకొని వచ్చాడు. వంగి చూశాడు. "రంగు పగిలినట్టుండాది లేరా, 4 కాదేమో" అన్నాడు. వేలుతో తడిమాడు. మళ్లీ చూశాడు. టార్చి ఆర్పి మంచం మీద కూర్చున్నాడు. నలభై ఏడేళ్ల మనిషి, ఎనిమిదేళ్ల పిల్లోడిలాగా, "నేను అడిగినా కదరా. ధర్మవరం నుంచి వస్తా ముందర కూర్చోని అడిగినా. ఇదే బండేనా నాయనా నువ్వు యుద్ధంలో తోలింది అని. ఊఁ అన్నాడు" అన్నాడు.

అవ్వ అరుగు మీద పడుకొని ఉంది, నిద్రపోయిందనుకున్నాం. "ఊఁ అనక ఏమంటాడు? అనకుంటే నువ్వు దావంతా వదలుతావుంటివా?" అంది. కాసేపాగి, "ఆయప్ప తోలిన బండి ఆడనే పోయిందంట. దాని మాటెత్తితే అన్నం తినేవాడు కాదు. ఇంగ గమ్మున పండుకోండి" అని అటువైపు తిరిగింది. ఆ బండి ఎట్లా పోయింది, దాని మీద అప్పుడు ఎవరున్నారు అని ఆ తర్వాత అవ్వను చాలాసార్లు అడిగాను. ఆమెకు తెలిసిందంతే. చెప్పగలిగినాయన లేడు. ఆయన ఉన్నప్పుడు మేం ఎవరమూ బండి గురించి తప్ప ఆయన గురించి అడగలేదు.

పొద్దున్నే బెంగళూరాయనకు ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. ఆయన మంచివాడే, కోప్పడలేదు. "దానిదేముంది, 4 మీద కాస్త రంగు తగిలించండి, ఫోటో నా దగ్గర ఉంది కదా, కాగితం మాత్రం రాసియ్యండి" అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. అమ్మ, నాయన ఇద్దరూ విన్నారు. నాయన ఫోను తీసుకొని, "లేదు సార్, ఆ కాగితం నేను రాయలేను" అని పెట్టేశాడు.

అమ్మకు కోపం వచ్చింది. వచ్చింది అంటే మామూలుగా కాదు, మూడు రోజులు నాయనతో మాటల్లేవు. "ఆయప్ప ఊఁ అంటే తప్పు లేదు గానీ, మనం అంటే తప్పా?" అని ఆమె వాదం. దానికి నాయన అన్నదొకటే: "ఊఁ అనేది వేరే, కాగితం మీద సంతకం పెట్టేది వేరే." నేను ఇద్దరి పక్షమూ ఆలోచించాను. లాజిక్కు నాయనది, వడ్డీ లెక్క అమ్మది. బోరు అప్పు అట్లే ఉంది. ఈ వాక్యం రాయకుండా దాటేస్తే కథ ఇంకా అందంగా ఉండేది.

తర్వాత తెలిసిన తమాషా ఏమిటంటే, ఆ పచ్చరంగు మేం వేసుకోవడానికే లేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖ బండ్లకు తప్ప ఏ బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదంటుంది. వేసుకొని తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అది వేరే సంగతి. మరోవైపు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజిగా రిజిస్టరు చేయించుకోవచ్చు, నంబర్లో వి.ఏ. అని అక్షరాలొస్తాయి. ఛాసిస్‌లో, ఇంజన్లో మార్పులుండకూడదు, బండి అసలు రూపంలోనే ఉండాలి. పైగా ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. అసలు రూపం ఉండాలి, అసలు రంగు మాత్రం కూడదు. భాయ్‌కి చెబితే, "అంటే చెనిక్కాయ మూట వేసుకోకూడదా? మరి దాన్నేం చేసుకుంటారు, దండం పెట్టుకుంటారా?" అన్నాడు. పాత రిజిస్ట్రేషన్నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసే దారి చూసుకున్నాం.

నలుపు వేయించాం. కదిరిలో, స్ప్రే గన్నుతో, ఈసారి బ్రష్షు వెంట్రుకల్లేకుండా. వెనక మడ్‌గార్డు మీద, ఇప్పటి నంబరు ప్లేటు కింద, బాణమూ 74ఉన్న జానెడు మేర మాత్రం రుద్దకుండా, పూయకుండా, పైన వట్టి లక్క వార్నిష్ కొట్టించాం. ప్లేటు విప్పితే తప్ప కనబడదు. కోసిన క్యారియరును భాయ్ మళ్లీ వెల్డింగు పెట్టాడు. పెడుతూ, "ఇదైతే నిజంగా ఒరిజినల్" అన్నాడు. ఏ పొద్దుటి ఒరిజినలో నేను అడగలేదు.

స్టార్టు చేసిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. బుల్లెట్‌ను ఊరికే కిక్కు కొడితే ఎదురుతన్ని మడమ విరగ్గొడుతుంది. హెడ్‌లైటు గూటి మీద ఆమ్మీటరు ఉంటుంది. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోవాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ ముల్లు ఎడమకు వాలి ఉంటుంది, విడిపోగానే నడిమికి వస్తుంది. పిస్టను పైకి చేరవచ్చిందని దాని అర్థం. అప్పుడు డికంప్రెషన్ మీట లాగి కిక్కు ఇంకొంచెం దించి, మీట వదిలి, కాలు తీసి, మళ్లీ పైనుంచి ఒకే దెబ్బ. ఇది నాకు నాయన నేర్పాడు, నాయనకు తాత. పన్నెండేళ్లకు పైగా ఈ పని చేయని కాలు నాయనది. ముల్లు కదిలింది. "నడిమికి వచ్చెనా?" అని అడిగాడు. "వచ్చె" అన్నాను. మొదటి దెబ్బకు దగ్గింది, రెండో దెబ్బకు అందుకుంది. కోళ్లు మళ్లీ లేచిపోయాయి. అమ్మ బయటికి వచ్చి, "పొగ ఇంట్లోకి వస్తాండాది, అవతలికి తీయండి" అంది. మూడు రోజుల మౌనం తర్వాత నాయనతో అన్న మొదటి మాట అది కాకపోయినా, కొంచెం మెత్తగా అన్నది మాత్రం అదే.

జూలైలో విత్తనం కాయలు ఆ క్యారియరు మీదే వచ్చాయి. ముదిగుబ్బ పెట్రోలు బంకులో ఒకాయన, "ఇదేనా యుద్ధం బండి?" అని అడిగితే నాయన, "కాదన్నా, ఇది 74ది. యుద్ధం బండి వేరే" అన్నాడట. ఆయన నమ్మలేదట.

ఒక్కటే లోటు మిగిలింది. ఈ బండికి గేర్లు కుడికాలి వైపు, బ్రేకు ఎడమ వైపు. మొదటి గేరు తప్ప ఏ గేర్లో ఉన్నా మడమతో నొక్కితే న్యూట్రల్‌కు వచ్చే చిన్న మీట ఒకటుండాలి. మాది ఎప్పుడో రాలిపోయింది. బెంగళూరు జె.సి. రోడ్డులో రెండు రోజులు తిరిగాను, కొత్త నకళ్లు దొరికాయి గానీ సరిగా కూర్చోవడం లేదు. ఇది చదివే పూర్వ విద్యార్థుల్లో ఎవరింటి అటక మీదైనా పాత బుల్లెట్ సామాను పడి ఉంటే, దయచేసి ఒకసారి వెతికి, మన యూనియన్ ఆఫీసులో చెప్పండి. నేను వచ్చి తీసుకుంటాను. తుప్పు పట్టినా ఫర్వాలేదు.